పతకానికి పూలదండ, ఐటీఐకి మొండిచెయ్యి

2026 సెప్టెంబరు 22 నుంచి 27 వరకు షాంఘైలో ప్రపంచ నైపుణ్య పోటీలు. వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, టైల్స్ పరిచేవాళ్లు, కేకులు చేసేవాళ్లు, రోబోలను నడిపేవాళ్లు అక్కడ తలపడతారు. మన కుర్రాళ్లు, అమ్మాయిలు గెలవాలని మేమూ మనసారా కోరుకుంటున్నాం. మా కోపం వాళ్ల మీద కాదు. వాళ్లు గెలిస్తే ఆ గెలుపును తమ ఖాతాలో వేసుకోవడానికి సిద్ధంగా ఉన్న ప్రభుత్వాల మీద. పిల్లలకు పని నేర్పాల్సిన ఐటీఐలను దశాబ్దాలుగా గాలికొదిలేసింది ఈ ప్రభుత్వాలే. వేదిక మీద ఒక మాట, వర్క్‌షాప్ దగ్గర ఇంకో మాట. ఈ ద్వంద్వ నీతిని ఇంకెన్నాళ్లు భరించాలి?

ఈ పోటీలు ఆషామాషీవి కావు. 1950లో మాడ్రిడ్‌లో స్పెయిన్, పోర్చుగల్ యువకులతో అంతర్జాతీయ పోటీగా మొదలయ్యాయి. ఇప్పుడు రెండేళ్లకోసారి జరుగుతున్నాయి. చాలా విభాగాల్లో 22 ఏళ్లు దాటినవాళ్లకు ప్రవేశం లేదు. వెల్డింగ్ విభాగాన్నే చూడండి. ఇచ్చిన డ్రాయింగ్ చూసి ప్రెజర్ వెసెల్, అంటే ఒత్తిడిని తట్టుకునే మూసిన లోహపు పాత్ర, తయారుచేయాలి. తర్వాత దాన్ని నీటితో నింపి ఒత్తిడి పెంచి పరీక్షిస్తారు. ఒక్క చుక్క కారినా మార్కులు పోతాయి. అతుకు పైకి నున్నగా కనిపిస్తే సరిపోదు, లోపల గాలి బుడగ మిగిలిందేమోనని కూడా చూస్తారు. టైల్స్ విభాగంలో అంచు మిల్లీమీటరు తప్పినా కొలిచి పట్టుకుంటారు. రోజుల తరబడి, గడియారం కళ్లెదుటే పరుగెత్తుతుండగా, వేల మంది సందర్శకుల మధ్య ఈ పని చేయాలి. ఆ టెన్షన్ తట్టుకుని నిలబడ్డ ఇరవై ఏళ్ల కుర్రాడికి ఎంత గౌరవం ఇచ్చినా తక్కువే.

ఆ గౌరవం ఇస్తున్నామా? 2019లో రష్యాలోని కజాన్‌లో భారత్‌కు ఈ పోటీల్లో తొలి స్వర్ణం వచ్చింది. నీటి సాంకేతికత విభాగంలో ఒడిశా యువకుడు అశ్వత్థ నారాయణ సాధించాడు. ఆ పేరు మన పాఠకుల్లో ఎంతమందికి తెలుసు? 2024 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని లియాన్ నుంచి మనవాళ్లు నాలుగు కాంస్యాలు తెచ్చారు. పత్రికల్లో, మా పత్రికతో సహా, అది లోపలి పేజీ వార్తే అయింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రకటించిన క్రీడా విధానంలో ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్ల రూపాయల నజరానా ఉంది. తెలంగాణ ప్రభుత్వం బాక్సర్ నిఖత్ జరీన్‌కు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది, పారాలింపిక్ పతక విజేత దీప్తి జీవాంజికి కోటి రూపాయలు, ఇంటి స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. అవన్నీ న్యాయమైనవే, వాళ్లకు దక్కాల్సినవే. మరి పని చేతుల పిల్లలకు కూడా ఆ స్థాయి ఆదరణ కావాలని గట్టిగా అడిగే గొంతు మన అసెంబ్లీల్లో ఎప్పుడైనా వినిపించిందా?

అయినా నజరానా ఇక్కడ చిన్న విషయం. అసలు గాయం ఐటీఐలో ఉంది.

నీతి ఆయోగ్ 2023లో బయటపెట్టిన లెక్క ప్రకారం దేశంలోని ఐటీఐలలో దాదాపు 25 లక్షల సీట్లుంటే నిండినవి 10.5 లక్షలే. అంటే సగానికి పైగా ఖాళీ. పిల్లలకు ఇష్టం లేదని, తల్లిదండ్రులు చిన్నచూపు చూస్తారని అధికారులు తేలిగ్గా తప్పించుకుంటారు. తల్లిదండ్రులేమీ అమాయకులు కారు. పదో తరగతి పాసైన కొడుకును తీసుకుని ప్రభుత్వ ఐటీఐకి వెళ్తారు. లేత్ మెషీన్ మీద పని నేర్పే టర్నర్ ట్రేడ్‌కు సారు లేరని, ఫిట్టర్ సారే రెండూ చూసుకుంటారని తెలుస్తుంది. మూలన తుప్పు పట్టిన లేత్ మెషీన్ కనిపిస్తుంది. ఇంకా ఎవరిని నమ్మాలి? అప్పు చేసి ఇంటర్ కార్పొరేట్ కాలేజీలో చేర్పించడమే మేలనుకుంటారు. వాళ్లను అలా పరుగెత్తించింది ప్రభుత్వం. ఐటీఐలలో బోధకుల కొరత గురించి పార్లమెంటరీ సంఘాలు చెబుతూనే ఉన్నాయి, మంత్రులు వింటూనే ఉన్నారు. పోస్టులు మాత్రం కాంట్రాక్టుకో, గెస్ట్ ఫ్యాకల్టీకో పోతున్నాయి. పదేళ్లు పని చేసినా పర్మనెంట్ కాని బోధకుడు వెల్డింగ్‌లో కొత్త పద్ధతి నేర్చుకుని వచ్చి పిల్లలకు చెప్పాలంటే ఎలా కుదురుతుంది?

వెల్డింగ్ నేర్వాలంటే రాడ్లు కాలాలి. వందల రాడ్లు కాలితే తప్ప చెయ్యి కుదుటపడదు. ప్లేట్లు, గ్యాస్, కేబుల్, పైపులు అన్నీ ఖర్చయిపోయే సరుకే. ఈ సరుకుకు నిధులు సకాలంలో రాకపోతే ఆ ఏడాది బ్యాచ్ మొత్తం బోర్డు మీద బొమ్మ చూసి వెల్డింగ్ నేర్చుకున్నట్టే. పోటీకి వెళ్లే ఒక్కరికి నెలల తరబడి ప్రత్యేక శిక్షణ, కంపెనీల స్పాన్సర్‌షిప్, విదేశీ నిపుణులు. అదే ట్రేడ్‌లో మిగిలిన వేల మందికి చేతినిండా సరుకు ఉండదు. మొదటి ఏర్పాటును మేం తప్పుపట్టడం లేదు. దాన్ని చూపించి రెండోదాన్ని కప్పిపెట్టడాన్ని తప్పుపడుతున్నాం.

పోటీలు స్ఫూర్తినిస్తాయని, అంతర్జాతీయ ప్రమాణాలు మెల్లగా కింది స్థాయి దాకా చేరతాయని సమర్థించేవాళ్లున్నారు. అందులో కొంత నిజముంది. ప్రమాణం దిగిరావాలంటే దాన్ని అందుకునే మనిషి కింద ఉండాలి కదా. బోధకుడే లేని ట్రేడ్‌కు ఏ ప్రమాణం చేరుతుంది?

ఈ పోటీల్లో ఎప్పుడూ ముందుండే దక్షిణ కొరియాను చూస్తే తేడా తెలిసిపోతుంది. ఆ దేశం 1966లో జాతీయ పోటీలు మొదలుపెట్టి మరుసటి ఏడాదే ప్రపంచ పోటీల్లో అడుగుపెట్టింది. పతకం తెచ్చినవాడికి అక్కడ నగదు ఒక్కటే ఇచ్చి వదిలేయరు. అదే వృత్తిలో కొనసాగుతున్నంత కాలం ఏటా ప్రోత్సాహక భత్యం ఇస్తారు. తప్పనిసరి సైనిక సేవ విషయంలోనూ మినహాయింపు ఉంది. గెలిచినవాడు ఆ చేతి పనిని వదలకూడదు, తర్వాతి తరానికి నేర్పాలి అన్నది వాళ్ల లెక్క. 2015లో మన కేంద్రమే తెచ్చిన జాతీయ నైపుణ్యాభివృద్ధి విధాన పత్రం ఏం చెప్పిందో గుర్తుచేసుకుందాం. కొరియాలో శ్రామికుల్లో 96 శాతం మందికి, జపాన్‌లో 80 శాతం మందికి, జర్మనీలో 75 శాతం మందికి లాంఛనంగా వృత్తి శిక్షణ ఉంటే, మన దగ్గర 5 శాతం కూడా లేదు. కొరియా పతకాలు ఆ 96 శాతంలో నుంచి పుట్టుకొచ్చాయి. చైనా సంగతీ అంతే. 2011లో మొదటిసారి బరిలోకి దిగి 2024లో లియాన్‌లో 36 స్వర్ణాలు పట్టుకెళ్లింది. ఊరూరా వృత్తి విద్యాలయాల మీద పెట్టుబడి పెట్టకుండా అది జరిగేది కాదు. పంట వేయకుండా ఒక్క కంకి తెచ్చి సంతలో ప్రదర్శిస్తే గోదాము నిండదు. మన ప్రభుత్వాలు చేస్తున్నది అచ్చంగా అదే.

కొరియా, చైనా దాకా ఎందుకు, పక్కనే ఒడిశా ఉంది. 2024 మేలో ఢిల్లీలోని యశోభూమిలో జరిగిన ఇండియా స్కిల్స్ జాతీయ పోటీల్లో పతకాల పట్టికలో ఒడిశాది అగ్రస్థానం. అదేమీ ఒక్క ఏడాది అదృష్టం కాదు. భువనేశ్వర్‌లో సింగపూర్ సహకారంతో వరల్డ్ స్కిల్ సెంటర్ పెట్టారు, ఐటీఐల రూపురేఖలు మార్చే పనిని ఏళ్ల తరబడి వదలకుండా చేశారు. ఆస్తుల్లోనూ అవకాశాల్లోనూ మనకంటే వెనుకబడిందనుకునే రాష్ట్రం ఈ పనిలో ముందుంటే మన పాలకులకు చురుక్కుమనదా?

తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను 2,324 కోట్ల రూపాయలతో అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మారుస్తామంటూ 2024లో మల్లేపల్లి ఐటీఐలో పని మొదలుపెట్టింది. యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకీ శంకుస్థాపన చేసింది. మంచి అడుగే. కొత్త మెషీన్ తేవడం సులువు, దాన్ని నడిపి చూపించే బోధకుడిని నియమించి నిలబెట్టుకోవడం కష్టం. ఆ రెండో పని జరుగుతోందా అన్నదే మా ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి అంటే శిక్షణ కంటే ముందు జనానికి కేసులు, అరెస్టులు, రాజకీయ కక్షలు గుర్తుకొచ్చే పరిస్థితి వచ్చింది. 2024లో మంగళగిరిలో ప్రయోగాత్మకంగా నైపుణ్య గణన చేపట్టారు. ఎవరికి ఏ పని వచ్చో లెక్కపెట్టడం సరే, రానివాళ్లకు నేర్పే చోటు సంగతేమిటి? కేంద్రం కూడా వెయ్యి ఐటీఐల ఆధునికీకరణకు ఐదేళ్లలో 60 వేల కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. ఆ డబ్బు బోధకుడి దాకా, రాడ్ల దాకా, పైపుల దాకా వెళ్తుందా, లేక గోడలకు రంగులు వేయడంతో ఆగిపోతుందా?

ఇంకో మాట కూడా చెప్పక తప్పదు. నైపుణ్యం గొప్పదని ఉపన్యాసాలిచ్చే ప్రభుత్వం తానే యజమాని అయినచోట ఎలా నడుచుకుంటోంది? తెలంగాణ విద్యుత్ సంస్థల్లో 20 వేలకు పైగా ఔట్‌సోర్సింగ్ కార్మికులను 2017లో ఆర్టిజన్లు అనే ప్రత్యేక హోదాలో సంస్థల్లోకి తీసుకున్నారు. వాళ్లలో ఐటీఐ చదివి స్తంభాలెక్కే కుర్రాళ్లు బోలెడంతమంది. రెగ్యులర్ ఉద్యోగులకున్న సర్వీసు నిబంధనలే తమకూ కావాలని వాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు, 2023లో సమ్మె కూడా చేశారు. వర్షంలో, అర్ధరాత్రి, ప్రాణాలకు తెగించి లైన్ సరిచేసే మనిషికి దక్కని గౌరవాన్ని షాంఘైలో ఎలక్ట్రికల్ పోటీలో గెలిచినవాడికి ఒక్క సాయంత్రం పూలదండ రూపంలో ఇస్తే సరిపోతుందా? ఆ విజేత తిరిగొచ్చి ఉద్యోగం అడిగితే అతనికి చూపించేది కూడా ఈ ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ గుమ్మమే కదా!

దీని ఫలితం మన పల్లెలు అనుభవిస్తూనే ఉన్నాయి. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లే కుర్రాళ్లలో ఎంతోమంది లేబర్ వీసా మీద వెళ్తారు. చేతిలో పనితనం ఉన్నవాడికీ, లేనివాడికీ అక్కడ జీతంలో ఎంత తేడా ఉంటుందో ఆ కుటుంబాలను అడిగితే తెలుస్తుంది. సొంతూళ్లో మేస్త్రీ దగ్గర ఐదేళ్లు పని నేర్చినా సర్టిఫికెట్ లేక కూలీగా లెక్కలోకి వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఏ రెండేళ్లకోసారి జరిగే పోటీ వీళ్లను ఆదుకుంటుంది? వీళ్లను ఆదుకోవాల్సింది మండల కేంద్రంలో పాఠం చెప్పే ఐటీఐ, అది సరిగ్గా నడిస్తేనే.

పోటీలు జరగాలి, ఇంకా పెద్ద ఎత్తున జరగాలి. జిల్లా స్థాయి పోటీలను ఎక్కడో ప్రైవేటు కాలేజీ ప్రాంగణంలో కాకుండా ప్రభుత్వ ఐటీఐలోనే పెట్టాలి. పోటీకి కొన్న మెషీన్లు అక్కడే ఉండిపోవాలి, తర్వాతి బ్యాచ్ వాటి మీదే నేర్చుకోవాలి. రాష్ట్ర, జాతీయ విజేతలకు బోధకులుగా, సూపర్‌వైజర్లుగా పర్మనెంట్ నియామకాల్లో ప్రాధాన్యం ఇవ్వాలి. కొరియా తరహాలో, వృత్తిలో కొనసాగినంత కాలం భత్యం ఉండాలి. ఇవేవీ కొత్త ఆలోచనలు కావు. ఇన్నాళ్లూ చేయకపోవడానికి డబ్బు లేకపోవడం కారణం కాదు, పట్టించుకోకపోవడం కారణం. ఐటీఐలో చదివేది ఎక్కువగా పేదల పిల్లలు. మంత్రుల, ఉన్నతాధికారుల పిల్లలు అక్కడ చదివి ఉంటే ఒక్క పోస్టైనా ఇలా ఏళ్ల తరబడి ఖాళీగా ఉండేదా?

రెండు రాష్ట్రాల మంత్రులనూ ఒక్కటే అడుగుతున్నాం. షాంఘై ఫలితాలు రాకముందే, మీ రాష్ట్రంలోని ప్రతి ప్రభుత్వ ఐటీఐకి ఎన్ని బోధకుల పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని ఖాళీగా ఉన్నాయి, సరుకుల నిధి ఎంత రావాల్సి ఉంది, ఎంత వచ్చింది, ఆ వివరాలు ఐటీఐ గేటు మీద బోర్డు రాసి పెట్టించండి. కమిటీ వేస్తాం, పరిశీలిస్తాం, నివేదిక తెప్పిస్తాం అనే మాటలు వినే ఓపిక ఎవరికీ లేదు. ఈ వివరాలన్నీ మీ శాఖ దగ్గర సిద్ధంగా ఉన్నాయి. బోర్డు రాయించడానికి ఒక్క వారం చాలు.