మొద్దు బరువు స్థూపం ఫార్ములాకు అందదు

“నరికిన ప్రతి చెట్టు బరువులో మూడో వంతు మొద్దుగా, వేర్లుగా నేలలోనే ఉండిపోతోంది. మొద్దు వ్యాసం, ఎత్తు కొలిచి స్థూపం (సిలిండర్) ఫార్ములా వేసి, కిలోకు 19 మెగాజౌళ్లతో గుణిస్తే వృథా అవుతున్న శక్తి ఎంతో తెలుస్తుంది. ఎలాగూ కుళ్లిపోయేదే కాబట్టి కాలిస్తే కార్బన్ భారం కూడా లేదు.” ఈ మాటలు చాలామంది పంచుకుంటున్నారు. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదట, మూడో వంతు. అడవి చెట్లలో వేర్ల బరువుకూ నేలపై భాగం బరువుకూ ఉండే నిష్పత్తి తరచుగా 0.2–0.3 మధ్య ఉంటుంది. అంటే మొత్తం చెట్టులో వేర్ల వాటా 17–23 శాతం. అందులో సన్న వేర్లూ కలిసే ఉంటాయి, అవి యంత్రానికి చిక్కవు, నేలలోనే తెగిపోతాయి.

రెండోది స్థూపం ఫార్ములా. 40 సెంటీమీటర్ల వ్యాసం, 20 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న మొద్దు ఘనపరిమాణం 0.025 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 400 కిలోల పొడి కట్టె అనుకుంటే 10 కిలోలు. మూడో వంతు అన్న మాటకూ ఈ పది కిలోలకూ పొంతనే లేదు. అంత లావు చెట్టుకు వేర్లతో కలిపి బరువు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. బరువంతా కోతకు కింద, వేర్లు విచ్చుకునే చోట ఉంటుంది. ఆ ఆకారం స్థూపం కాదు.

అందుకే చెట్లను తవ్వి, మట్టి కడిగి, తూచి తయారుచేసిన, వ్యాసం నుంచి బరువు చెప్పే సమీకరణాలు వాడతారు. అసలు పొరపాటు జరిగేది ఇక్కడే. ఆ సమీకరణాలు ఎక్కువగా నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో కొలిచిన వ్యాసాన్ని అడుగుతాయి. చెట్టు పోయాక మిగిలేది మొద్దు వ్యాసం. 1.3 మీటర్ల దగ్గర 32 సెంటీమీటర్లున్న చెట్టు మొదలు దగ్గర 40 ఉందనుకోండి, ఆ 40నే సమీకరణంలో వేశారనుకోండి. వ్యాసం 1.25 రెట్లు, బరువు వ్యాసానికి 2.4వ ఘాతంలో పెరిగితే లెక్క 1.7 రెట్లు అవుతుంది. దీనికి విరుగుడు సులువే: అదే తోపులో నరకని చెట్లు, సన్నవీ లావువీ కలిపి, ఓ ముప్పై తీసుకుని రెండు చోట్లా కొలిచి సంబంధం కట్టాలి. తర్వాత ప్రతి మొద్దుకూ విడిగా బరువు లెక్కించి కూడాలి. సగటు వ్యాసానికి ఒకసారి లెక్కించి చెట్ల సంఖ్యతో గుణిస్తే తక్కువ వస్తుంది. సమీకరణం లాగరిథంలో ఉంటే మామూలు అంకెల్లోకి వెనక్కి మార్చేముందు దోష విస్తృతిలో (వేరియన్స్) సగం కలపడం మరవకూడదు.

జాతి మారితే సమీకరణం మారాలి. చలి దేశాల సూదాకు చెట్లలో స్ప్రూస్ వేర్లు పైపైనే పరుచుకుంటాయి, పైన్ తల్లివేరు లోతుకు దిగుతుంది. యూకలిప్టస్, సుబాబుల్‌లలో చిక్కు ఇంకా ఎక్కువ: నరికాక మళ్లీ చిగురించిన తోపులో మొద్దు వయసు వేరు, పై కాండం వయసు వేరు. కాండం కొలిచి మొద్దు బరువు చెప్పలేం. పైగా ఆ మొద్దును పీకితే తర్వాతి పంట పోయినట్టే.

మూడోది 19 మెగాజౌళ్లు. అది పూర్తిగా ఎండిన, మట్టి లేని కట్టెకు. తడి 50 శాతం ఉన్న పచ్చి మొద్దుకు కిలోకు దాదాపు 8.3 మాత్రమే, 30 శాతానికి ఎండితే 12.6. తడి శాతం దేని మీద లెక్కించారో రాయకపోతే అదో గందరగోళం: మొత్తం బరువు మీద 50 శాతమంటే పొడి బరువు మీద 100 శాతం. ఇక మట్టి. శుభ్రమైన కట్టెలో బూడిద దాదాపు ఒక శాతం లోపే. మొద్దుల్లో మట్టి అంటితే అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. రాళ్లు చిప్పర్ (కట్టెను చిన్న ముక్కలుగా కోసే యంత్రం) కత్తుల్ని విరిచేస్తాయి కాబట్టి మొద్దుల్ని క్రషర్‌లో నలుపుతారు. ఇసుకలోని సిలికా పొటాషియంతో కలిసి కరిగి బాయిలర్ అడుగున గట్టకడుతుంది. ఫిన్లాండ్, స్వీడన్‌లలో మొద్దుల్ని ఎక్స్‌కవేటర్‌తో పీకి, చీల్చి, దులిపి, నెలల తరబడి గాలికీ వానకూ కుప్పలుగా వదిలిపెట్టింది ఇందుకే.

లెక్కలో ఇది ఎంత తేడా తెస్తుందో చూడండి. నేలలో 100 కిలోల పొడి కట్టె ఉందనుకుందాం. 15 శాతం మొద్దులు వాలులోనో బురదలోనో వదిలేశారు, పీకినవాటిలో పావు వంతు వేర్లు తెగిపోయాయి. మిగిలేది 64 కిలోలు. 30 శాతం తడితో కాలిస్తే దాదాపు 1,145 మెగాజౌళ్లు, అంటే 318 కిలోవాట్ అవర్లు. ప్రచారంలో చెప్పినట్టు ఆ 100 కిలోలనూ నేరుగా 19తో గుణిస్తే 528 వస్తుంది. ఇందులో ఎక్స్‌కవేటర్ డీజిల్ ఇంకా తీసేయలేదు.

కార్బన్ మాట సగమే నిజం. లావు మొద్దు కుళ్లడానికి దశాబ్దాలు పడుతుంది, కాలిస్తే అంతా ఆ రోజే గాలిలో కలుస్తుంది. త్వరగా కుళ్లే కొమ్మలతో పోలిస్తే మొద్దుల్ని ఇంధనంగా వాడడం వల్ల వాతావరణానికి కలిగే మేలు చాలా ఆలస్యంగా వస్తుంది. వేరుకుళ్లు తెచ్చే హెటెరోబాసిడియాన్ శిలీంధ్రం సోకిన తోపులో మొద్దులు పీకడానికి మంచి కారణమే ఉంది, కానీ అది ఇంధనం లెక్క కాదు.

మొద్దుల శక్తి గురించి ఎవరైనా అంకె చెబితే, అది నేలలో ఉన్నదా, పీకితే వచ్చేదా, బాయిలర్‌కు చేరేదా అని ముందు అడగండి. తర్వాత వ్యాసం ఏ ఎత్తులో కొలిచారో, తడి ఎంతో, బూడిద ఎంతో అడగండి.