మలేరియా మాత్రలు ఇంటికొచ్చాక కూడా మానకూడదు

ఉష్ణమండల దేశాల నుంచి తిరిగొచ్చిన రోజే మలేరియా నివారణ మాత్రలు ఆపేయొచ్చని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. చివరి రాత్రి కుట్టిన దోమ వదిలిన క్రిమి ముందు కాలేయంలో చేరుతుంది, సుమారు వారం అక్కడే పెరిగి ఆ తర్వాతే రక్తంలోకి దిగుతుంది. ఈ నివారణ మాత్రల్లో ఒకటైన డాక్సీసైక్లిన్ (డాక్సీ) ప్రధానంగా దాన్ని పట్టేది రక్తంలోనే. అందుకే ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, వచ్చాక ఇంకో 4 వారాలు రోజూ వేసుకోవాలి. మరో నివారణ మాత్ర అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ కాలేయంలోనూ పనిచేస్తుంది కాబట్టి దాన్ని వచ్చాక 7 రోజులు వేసుకుంటే చాలు. ఏది ఎవరికి సరిపడుతుందో డాక్టరే చెప్పాలి. గర్భిణులకు డాక్సీ సాధారణంగా ఇవ్వరు.

డాక్సీ మాత్ర నిండు గ్లాసు నీళ్లతో, కూర్చునో నిలబడో మింగాలి. మింగి వెంటనే పడుకుంటే అన్నవాహికలో అతుక్కుని పుండు చేయొచ్చు. ఎండకు చర్మం తొందరగా కమలడం కూడా ఈ మందు గుణమే, కాబట్టి సన్‌స్క్రీన్ తప్పదు. ముందు అది రాసి, ఆరాక పైన డీట్ (దోమలను దూరంగా ఉంచే రసాయనం) 20-30 శాతం ఉన్న దోమల మందు రాయాలి. చాలామంది తిరగేసి రాస్తారు!

తిరిగొచ్చిన నెలల తర్వాత జ్వరం తగిలినా, వెళ్లొచ్చిన దేశం పేరు చెప్పి అదే రోజు మలేరియాకు రక్తపరీక్ష చేయించండి. ఆ జ్వరం దోమలతోనే వచ్చే డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ముట్టొద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.