ఆ "అయిదు నిజాల" మెసేజ్ ఇక పంపకండి

ఒడిశాలోని బరంపురం తెలుగు గ్రూపుల్లో ఒకటే మెసేజ్ మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది. పర్లాకిమిడి, రాయగడ గ్రూపులకీ పాకింది. "మన రోడ్ల గురించి అయిదు నిజాలు" అట. ఆ అయిదూ ఇవి: రోడ్లు తవ్వేది కమీషన్ల కోసమే. గుంతలుంటేనే బళ్ళు నెమ్మదిగా వెళ్తాయి. యాప్‌లూ డేటా అంతా చలాన్లు రాయడానికే. మన వీధికి స్పీడ్ బ్రేకర్ మనమే కట్టుకోవాలి. యాక్సిడెంట్ అయితే స్టేషన్ గుమ్మం ఎక్కకుండా అక్కడికక్కడే రాజీ చేసుకోవాలి. పిల్లలకి పాఠాలు చెప్పేవాళ్ళు కూడా దండం బొమ్మ పెట్టి దీన్ని పంపుతున్నారు.

చివరిదే ముందు తీసుకుంటాను. మనుషుల ప్రాణాలు తీసే మాట అదే.

బండి గుద్ది కాలు విరిగిన మనిషి చేతిలో అయిదు వేలు పెట్టి పంపేశారనుకోండి. 2025 మేలో కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల పాటు 1.5 లక్షల రూపాయల దాకా వైద్యం పొందే వీలుంది. అది ప్రమాదమేనని పోలీసులు ధ్రువీకరించాలి. మీరు చెప్పకపోతే వాళ్ళు ఏం ధ్రువీకరిస్తారు? గుద్దినవాడు పారిపోతే 2022 ఏప్రిల్ నుంచి చావుకి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు పరిహారం ఉంది. దానికీ పోలీసు కాగితమే ఆధారం. "సాయం చేస్తే ఇరుక్కుంటాం" అన్న భయం పాతది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 134ఏ సెక్షన్ సాయపడ్డవారిపై కేసు పడకుండా కాపాడుతుంది. పేరు, చిరునామా చెప్పమని బలవంతం చెయ్యకూడదు కూడా.

ఇది మనిషికి జరిగే నష్టం. వీధికి జరిగేది ఇంకోటి. పోలీసు స్పాట్‌కి వచ్చి ఫోన్‌లో ప్రమాదాల వివరాలు నమోదు చేసే ఐరాడ్ యాప్ తెరిస్తే ఆ చోటు జీపీఎస్‌తో సహా నమోదవుతుంది. ఫోటోలు, వెలుతురు, మలుపు, బండి రకం అన్నీ అందులో చేరతాయి. ఆ రోడ్డు ఏ శాఖదో ఆ ఇంజినీరు వచ్చి చూసి, రోడ్డులో లోపం ఉందో లేదో రాయాలి. రాజీ అయిపోయిన ప్రమాదానికి ఇంజినీరు రాడు. జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేళ్ళలో చావులు లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు 5 జరిగితే, లేదా 10 మంది చనిపోతే, దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. ఎన్‌హెచ్ 16 మీద ఒకచోట నాలుగు నమోదై, అయిదోది టీ కొట్టు దగ్గర రాజీతో ముగిసిందనుకోండి. లెక్క నాలుగు దగ్గరే ఆగిపోతుంది, ఆరో మనిషి కూడా అక్కడే పడతాడు.

ఇక్కడ ఆ మెసేజ్ రాసినవాళ్ళ కోపంలో న్యాయం ఉందని ఒప్పుకుంటాను. ఈ కొలత హైవేలకి పెట్టింది. బడాబజార్ సందుల్లో రోజూ ఎవరో ఒకరు జారిపడతారు, మోచేతులు చెక్కుకుపోతాయి, చావు మాత్రం అరుదు. ఈ లెక్కన ఆ సందు ఏనాటికీ మ్యాపులో ఎర్రచుక్క కాదు. అందుకే పురపాలకులు హైవే కొలతతో సరిపెట్టుకోకూడదు. ఆసుపత్రి క్యాజువాలిటీ రిజిస్టర్లో "ఎక్కడ పడ్డారు" అని ఒక గడి ఉండాలి. దాన్ని వార్డుల వారీగా పోలీసు నమోదులతో, ఫిర్యాదులతో కలిపి నెలనెలా చూడాలి. మనం అడగాల్సింది ఇది. దాచిపెడితే ఆ గడి ఖాళీగానే ఉంటుంది.

ఇక సొంత స్పీడ్ బ్రేకర్. ఇంటి పనిలో మిగిలిన అర బస్తా సిమెంటు, ఇసుక, ఇటుక ముక్కలు కలిపి అడుగు వెడల్పున, ఆరంగుళాల ఎత్తున కట్టేస్తారు. రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థంతో గుండ్రటి వంపు. బండి 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా దాటాలని ఆ లెక్క. దానికి 40 మీటర్ల ముందు బోర్డు, పైన చారల రంగు, అంచున నీళ్ళు పోయే దారి ఉండాలి. మీ అడుగు దిమ్మ మీద వెనక పక్కకి కూర్చున్న ఆడమనిషి సీటు మీంచి లేచిపోతుంది. తారు మీద సిమెంటు పట్టదు, వానాకాలం దాటేసరికి పెచ్చులూడి కంకర రోడ్డంతా పరుచుకుంటుంది. పైగా అది ఎవరి జాబితాలోనూ ఉండదు కాబట్టి దానికి మళ్ళీ రంగు వేసే దిక్కుండదు. రోడ్డు కట్టడంలో లోపం వల్ల చావో వైకల్యమో కలిగితే కాంట్రాక్టరుకి 1 లక్ష దాకా జరిమానా వేసే 198ఏ సెక్షన్ అదే మోటారు వాహనాల చట్టంలో ఉంది. మీ దిమ్మ వల్ల ఎవరైనా పోతే ఎవర్ని అడగాలి? మీ వీధినా?

గుంతలు వేగం తగ్గిస్తాయన్నది ఉత్త మాట. గుంత తప్పించబోయి బండి పక్క లారీ కిందికి పోతుంది. వేగం మాత్రం నిజంగానే చంపుతుంది. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదం ముప్పు సుమారు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దానికి మందు ఫుట్‌పాత్, క్రాసింగ్, సరైన కొలతతో కట్టిన స్పీడ్ బ్రేకర్. చలాన్ల సంగతికొస్తే, ఐరాడ్ చలాన్లు రాసే యాప్ కాదు.

తవ్వకాల మాటకొద్దాం. నీటి గొట్టం, కేబుల్, మురుగు కాలవ, ఒక్కొక్కటీ ఒక్కో శాఖది. తవ్వబోతున్నారని భూమిలోని గొట్టాల, కేబుళ్ళ యజమానులకి ముందే తెలియాలనే 2023 మార్చి 22న "కాల్ బిఫోర్ యు డిగ్" యాప్ తెచ్చారు. ఎక్కడ తవ్వుతారో అందులో పెడితే గొట్టాలవాళ్ళకి మెసేజ్ వెళ్తుంది. అది వాడకుండా పొక్లెయిన్ దింపితే పైపు పగులుతుంది, మళ్ళీ తవ్వుతారు. అంతకన్నా పెద్ద తప్పు పూడ్చడంలో ఉంది. మట్టిని 15 సెంటీమీటర్ల పొరలుగా వేసి, తడిపి, ఒక్కో పొరనీ యంత్రంతో దిమ్మిస కొట్టాలి. మీటరు లోతు మట్టి ఒక్కసారే పోసి పైన తారు పూస్తే తొలి వానకే కుంగుతుంది. తారు అంచు నిలువుగా, తిన్నగా కోసి ఉండాలి. వీజీ-30 అనే రకం తారు కలిపిన మిశ్రమం పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీల వేడి ఉండాలి. నీళ్ళు నిలిచిన చోట అసలు వెయ్యకూడదు.

మీ వీధిలో పూడ్చిన చోట కుంగితే ఒక కర్ర అడ్డంగా పెట్టి, దాని కింద ఎంత లోతుందో టేపుతో కొలిచి ఫోటో తీయండి. దగ్గరి కరెంటు స్తంభం నంబరు, తేదీ, తవ్వినవాళ్ళు ఎవరో రాయండి. రోడ్డు కార్పొరేషన్‌దా, ఆర్ అండ్ బీదా, జాతీయ రహదారిదా కనుక్కొని ఒడిశా ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ జన సునాణిలో పెట్టండి. తప్పు శాఖకి వెళ్తే నెలలు గడిచిపోతాయి. ఫిర్యాదు నంబరు గ్రూపులో వెయ్యండి, అదే చోటి గురించి పక్కింటివాళ్ళూ పెడతారు.