చెయ్యి ఎప్పటిలాగే ఉంటుందన్న మాట గురించి
"ముంజేతి నుంచి చర్మం తీసినా చెయ్యి మళ్లీ ఎప్పటిలాగే పనిచేస్తుంది" అని నాలుక క్యాన్సర్ ఆపరేషన్ మీద వచ్చిన వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. మాది దేవరకొండ దగ్గర పల్లె. నాన్నకు నాలుక క్యాన్సర్ వస్తే హైదరాబాద్‌లో సగం నాలుక తీసేసి, ఎడమ ముంజేతి చర్మాన్ని రక్తనాళాలతో సహా తెచ్చి ఆ సగం నాలుకను మళ్లీ తయారుచేశారు. 2, 3 మిల్లీమీటర్ల నాళాలను మైక్రోస్కోప్ కింద మెడలోని నాళాలకు కుట్టారు. అంతకుముందు మణికట్టు దగ్గర రెండు ధమనులనూ నొక్కిపట్టి, చిటికెన వేలి వైపుది వదిలి, అరచెయ్యి మళ్లీ ఎర్రబడుతుందో లేదో చూశారు. అదొక్కటే చేతికంతా రక్తం ఇవ్వగలిగితేనే బొటనవేలి వైపు ధమనిని తీస్తారు. ఆపరేషన్ అయ్యాక మొదటి రెండు రోజులు, కుట్టిన నాళాల్లో రక్తం ఆడుతోందో లేదో అని నర్సు గంటగంటకూ వచ్చి టార్చి వేసి నాలుక రంగు చూస్తుంటే మాకు ఒకటే టెన్షన్. ఇవాళ నాన్న మెత్తగా కలిపిన అన్నం తింటున్నాడు, మనవడిని పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆ డాక్టర్లకు చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ చేతి బొటనవేలి వెనక స్పర్శ లేదు. పత్తి ఏరేటప్పుడు కాయ మొన గీరుకుని రక్తం కారినా ఆయనకు తెలియదు, మేం చూసి చెప్పాలి. తొడ నుంచి తెచ్చి ముంజేతికి అతికిన చర్మం ఎండలో చుర్రుమంటుంది. ఇవేవీ ఆపరేషన్‌కు ముందు మాకెవరూ చెప్పలేదు. చెప్పినా తప్పకుండా ఒప్పుకునేవాళ్లమే. కాకపోతే మొదటి ఏడాది ఆయన్ని ఒంటరిగా చేనుకు పంపేవాళ్లం కాదు.