వెనకవాడికి దారి ఇచ్చేద్దాం

పోయిన చలికాలంలో ఓ ఆదివారం సాయంత్రం. ఇక్కడ టెక్సస్‌లో, ఫ్రిస్కో హనుమంతుడి గుడి నుంచి డాలస్ నార్త్ టోల్‌వే అనే హైవే మీద ఇంటికి వస్తున్నాం. అమ్మ ముందు సీట్లో, పిల్లలిద్దరూ వెనక. నేను ఎడమ చివరి లేన్‌లో, స్పీడ్ లిమిట్ ఎంతుందో అంతలోనే వెళ్తున్నాను. ఉన్నట్టుండి అద్దం నిండా వెలుతురు. పెద్ద పికప్ ట్రక్కు, హెడ్‌లైట్లు తప్ప బండి ఆకారం కనపడనంత దగ్గరికి వచ్చేసింది.

పక్క లేన్ ఖాళీగానే ఉంది. ఇండికేటర్ వేసి తప్పుకుంటే అయిపోయేది. తప్పుకోలేదు. లిమిట్‌లోనే ఉన్నాను కదా, నన్ను తోసెయ్యడానికి వీడెవడు అని పంతం వచ్చింది. వెనక లైట్లు వెలిగేలా బ్రేక్ మీద కాలు వేశాను. వాడు కుడి లేన్‌లోంచి దూసుకొచ్చి, నా ముందుకి కట్ కొట్టి, గట్టిగా బ్రేక్ వేశాడు. నేనూ వేశాను. టైర్లు కీచుమన్నాయి. అమ్మ రెండు చేతులూ డాష్‌బోర్డుకి ఆనించేసింది. ఒళ్లో ఉన్న ప్రసాదం డబ్బా ఎగిరి పడి, పులిహోరంతా కాళ్ల కింద పోయింది. వెనక చిన్నది ఏడుపు అందుకుంది.

తర్వాతి ఎగ్జిట్ తీసుకుని ఓ గ్యాస్ స్టేషన్‌లో లైట్ల కింద ఆపాను. చేతులు వణుకుతున్నాయి. అమ్మ తిట్టలేదు. వంగి మెతుకులు ఏరుతూ, "దారిస్తే మన సొమ్మేం పోయేది నాన్నా?" అంది. నాకు జవాబు దొరకలేదు.

అప్పటి నుంచి మనవాళ్లు ఎక్కడ కలిసినా ఈ విషయం ఎత్తుతున్నాను. అందరి దగ్గరా ఓ కథ ఉంది. నన్ను బాధపెట్టేది ఆ కథలు చెప్పే తీరు. "అస్సలు సైడ్ ఇవ్వలేదు, వాడికి చుక్కలు చూపించా" అని గెలిచొచ్చినట్టు చెబుతారు. ఆ మాట చెప్పేటప్పుడు పక్కనే పిల్లలుంటారు. టెక్సస్‌లో పదిహేనేళ్లకే లెర్నర్ లైసెన్స్ ఇస్తారు, తల్లిదండ్రులే డ్రైవింగ్ నేర్పే పద్ధతి కూడా ఉంది. కానీ మన పాఠాలు అంతకు పదేళ్ల ముందే, వెనక సీట్లో మొదలైపోయాయి.

కాస్త లెక్క చూద్దాం. గంటకి 70 మైళ్ల వేగంలో బండి సెకనుకి 103 అడుగులు పోతుంది. ముందు ఏదో జరిగిందని గ్రహించి బ్రేక్ మీదకి కాలు వెళ్లేసరికి, ఎంత చురుకైన మనిషికైనా సెకనో సెకనున్నరో పడుతుంది. అంటే బండి వేగం తగ్గడం మొదలయ్యేలోపే 150 అడుగులు వెళ్లిపోవచ్చు. వెనకవాడు రెండు కార్ల దూరంలో ఉన్నాడంటే మధ్య ఉన్నది 30 అడుగులే. అలాంటివాడి ముందు మనం బ్రేక్ తాకితే అది వాడికి వేసే శిక్ష కాదు. దెబ్బ మొదట తగిలేది వెనక సీట్లో ఉన్న మన పిల్లలకి. ఇన్సూరెన్స్ వాళ్లు తప్పు వెనకవాడిదే అని రాస్తారేమో, రాసినా ఆ కాగితంతో ఏం చేసుకుంటాం?

నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి ఒకటి ఉంది. పక్కకి వెళ్లే వీలు లేక, వెనకవాడు మరీ దగ్గరగా వస్తుంటే, మన ముందు ఖాళీని పెంచుకోవాలి. మెల్లగా యాక్సిలరేటర్ వదిలి, ముందు బండికి నాలుగైదు సెకన్ల దూరం వచ్చేలా చూసుకోవాలి. ముందు జాగా ఉంటే ఏం జరిగినా మనం నెమ్మదిగా ఆగొచ్చు. మనం నెమ్మదిగా ఆగితే వెనకవాడికి కూడా ఆగే వ్యవధి దొరుకుతుంది. వాడి తప్పుకి కావలసిన జాగా కూడా మనమే ఇస్తున్నాం, నిజమే. ఇవ్వాలి. రాత్రిపూట వాడి లైట్లు కళ్లలో కొడుతుంటే, చాలా కార్లలో అద్దం కింద చిన్న మీట ఉంటుంది, అది వెనక్కి తిప్పితే వెలుతురు తగ్గుతుంది. కళ్లు ప్రశాంతంగా ఉంటే సగం కోపం అక్కడే పోతుంది.

ఎడమ లేన్ సంగతి కూడా ఒప్పుకోవాలి. టెక్సస్ హైవేల మీద చాలా చోట్ల 'లెఫ్ట్ లేన్ ఫర్ పాసింగ్ ఓన్లీ' అని బోర్డులుంటాయి, అంటే ఎడమ లేన్ ముందు బండిని దాటడానికే. నేను లిమిట్‌లోనే ఉన్నాను అన్నది ఆ బోర్డుకి జవాబు కాదు. దాటేశాక కుడివైపుకి వచ్చెయ్యాలి, అంతే. వేగంగా వెళ్లేవాణ్ణి పట్టుకోవడానికి పోలీసులున్నారు, ఆ పని మనం చెయ్యక్కర్లేదు. మన ఊళ్లల్లో లారీలు కుడి లేన్ పట్టుకుని పాకుతుంటే ఎడమ నుంచి ఓవర్‌టేక్ చేసి నేర్చుకున్నవాళ్లం. హారన్ అంటే అక్కడ నేనొస్తున్నానని చెప్పడమే. ఇక్కడ అదే హారన్ మొహం మీద తిట్టినట్టు వినిపిస్తుంది. కొత్తగా వచ్చిన పిల్లలకి ఈ తేడా ఎవరూ చెప్పరు.

ఇక మన సంగతి. ముందు బండి తోక పట్టుకుని నడిపేవాళ్లు మనలోనూ తక్కువేం లేరు. కొత్త కార్లలో అడాప్టివ్ క్రూజ్ ఉంటుంది, ముందు బండిని బట్టి వేగం అదే సర్దుకుంటుంది, ఎంత దూరం ఉంచాలో గీతల్లో పెట్టుకోవచ్చు. ఎవరి కారెక్కినా ఒకే గీత, అంటే అన్నిటికన్నా తక్కువ దూరం, కనిపిస్తుంది. ఎందుకంటే, ఎక్కువ పెడితే మధ్యలో ఎవడో దూరేస్తాడు అంటారు. దూరితే దూరనివ్వండి. పది మైళ్లకి 70లో ఎనిమిదిన్నర నిమిషాలు పడితే 80లో ఏడున్నర పడుతుంది. ఒక్క నిమిషం కోసం ముందున్న వాళ్ల గుండెల మీద ఎక్కి కూర్చుంటున్నాం. ఆ ముందు కారులో మొన్నే లైసెన్స్ వచ్చిన అమ్మాయి ఉండొచ్చు.

భయపెట్టాలని కాదు గానీ, ఇది కూడా చెప్పాలి. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి, ఇరవై ఒక్కేళ్లు నిండి చట్టపరంగా అడ్డంకి లేనివాళ్లు లైసెన్స్ లేకుండానే చేతి తుపాకీ దగ్గర పెట్టుకుని తిరగొచ్చు. ఎదుటి బండిలో ఏముందో మనకి తెలియదు. చెయ్యి ఊపొద్దు, కళ్లలోకి చూడొద్దు, దిగి మాట్లాడదామని అసలే అనుకోవద్దు. వెంటపడుతున్నారు అనిపిస్తే ఇంటికి వెళ్లకండి, వాడికి మన ఇల్లు చూపించినట్టవుతుంది. తలుపులు లాక్ చేసుకుని 911కి ఫోన్ చేసి, పోలీస్ స్టేషన్ వైపో, జనం ఉన్న చోటికో పోనివ్వండి. వీసా మీద ఉన్నవాళ్లకి ఇంకో మాట. ఇక్కడ రెక్‌లెస్ డ్రైవింగ్ నేరం, ముప్పై రోజుల దాకా జైలు పడొచ్చు. వీసా స్టాంపింగ్‌కి నింపే డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు. రోడ్డు మీద అర నిమిషం పంతానికి ఆ గడిలో అవును అని రాసుకోవాల్సిన పరిస్థితి తెచ్చుకోకండి.

ఇక్కడి మన తెలుగు సంఘం టాక్స్ మీద, ఇమిగ్రేషన్ మీద సెమినార్లు పెడుతుంది, మంచిదే. ఏటా ఆగస్టులో కొత్త విద్యార్థులు దిగుతారు. వాళ్లలో చాలామంది మూడు నెలలు తిరక్కుండానే సెకండ్ హ్యాండ్ కారు కొంటారు. వాళ్ల కోసం ఒక శనివారం పొద్దున, ఏదైనా పెద్ద పార్కింగ్ లాట్‌లో రెండు గంటలు కేటాయించమని కమిటీని అడుగుతున్నాను. ఎంత దూరం అంటే ఎంతో కళ్లతో చూపించాలి, 103 అడుగులు టేపుతో కొలిచి, రెండు చివర్లా రెండు కార్లు నిలబెట్టి. మొన్న మా ఇంటి ముందు మా అబ్బాయికి అలాగే కొలిచి చూపించాను. టేపు రెండో కొస పట్టుకుని నడుచుకుంటూ వెళ్లి, మా ఇల్లు దాటి, పక్కిల్లు కూడా దాటాక వెనక్కి తిరిగి, "ఇదంతా ఒక్క సెకనులోనా నాన్నా?" అని అరిచాడు. ఆ టేపు నా దగ్గరే ఉంది, కమిటీ తేదీ చెబితే తీసుకొస్తాను.