మందు చీటీల సంగతి కూడా రాయాల్సింది

చైనా, తైవాన్‌లలో వైద్య దేవుడిగా కొలిచే బావోషెంగ్ దాదీ మీద మీరు రాసిన వ్యాసంలో, ఆయన కల్పిత దేవుడని అనేశారు. కాదు, ఆయన చైనాలోని ఫూజియన్ తీరంలో వైద్యం చేసిన వూ తావ్ (979–1036). పోయాకే జనం గుళ్లు కట్టి కొలిచారు.

ఆ గుళ్లలో మందు చీటీలది, అంటే అంకెల వారీగా మందు రాసి ఉంచిన కాగితాలది, పెద్ద సంప్రదాయం. జబ్బు చెప్పుకుని, అంకెలున్న వెదురు పుల్లల్లోంచి ఒకటి తీస్తారు. తర్వాత నెలవంక ఆకారపు చెక్కలు రెండు నేలమీద వేస్తారు. ఒకటి బల్లపరుపు వైపు, ఇంకోటి ఉబ్బు వైపు పైకి పడితేనే దేవుడు ఒప్పుకున్నట్టు. రెండూ ఉబ్బు వైపే పడితే వేరే పుల్ల తియ్యాలి. ఆ అంకె చీటీలో మూలికలు, తూకాలు ఉంటాయి. తూకం ఛియన్లలో, తైవాన్‌లో ఛియన్ అంటే 3.75 గ్రాములు. పిల్లలకూ కంటి జబ్బులకూ వేరే చీటీలున్నాయి. పిల్లాడికి పెద్దల చీటీ తీస్తే మోతాదు మించిపోతుంది. పైగా చీటీ నాడి చూడదు, గర్భిణివా అని అడగదు. వైద్యుడికి చూపించకుండా ఆ కషాయం తాగడం ప్రమాదమే.