నీళ్లు తాగని దారం

ఎగ్జిబిషన్‌లో కాటన్ ఇకత్ అని కొన్న చీర అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించాను. నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి, వేళ్ల మధ్య నలిపితే బూడిద అవ్వాలి. ఇది మంట తగలకముందే ముడుచుకుపోయి, కరిగి, చివర నల్లపూసలా గట్టిపడింది. పాలిస్టర్.

నీళ్ల సీసా, ఈ పోగు ఒకే ప్లాస్టిక్. కరిగించి, జంతికల గొట్టంలో పిండి వత్తినట్టు సన్నటి రంధ్రాల్లోంచి వత్తి సాగదీస్తే దారం. 1941లో ఇంగ్లండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనిపెట్టిన ఈ పీచు మన ఇళ్లకు టెర్లిన్ చొక్కాగా, టెరికాటన్ ప్యాంటుగా వచ్చింది.

దీని మంచీ చెడూ చాలావరకు ఒక్క గుణంలోనే ఉన్నాయి: నీళ్లు తాగదు. మామూలు వాతావరణంలో నూలు తన బరువులో 7, 8 శాతం తేమ పట్టుకుంటే, ఇది అర శాతం కూడా పట్టుకోదు. అందుకే రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరిపోతుంది. అందుకే చెమటనూ పీల్చదు. మే నెలలో బస్సులో నిలబడితే జాకెట్టు వీపుకి అతుక్కుపోతుంది. రంగు కూడా తేలిగ్గా పట్టదు, ప్రెషర్‌లో 130 డిగ్రీల దాకా ఉడికించాలి. ఒకసారి పట్టాక మాత్రం ఓ పట్టాన వదలదు.

కాబట్టి పాలిస్టర్‌ని తిట్టడానికి నాకు నోరు రాదు. నూలు కట్టండి అని ఉపన్యాసాలిచ్చే మనం, గంజి పెట్టి ఇస్త్రీ చేసేదెవరో చెప్పం. నాలుగిళ్లలో పనిచేసే ఆవిడకి రోజూ ఉతికినా నలగని, చిరగని చీర కావాలి. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద నేయించి తెలంగాణ ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలూ పాలిస్టరే. ఆ ఆర్డర్లతో అక్కడ ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగిందో అందరికీ తెలుసు. 2017లో, పథకం మొదలైన ఏడాదే, నాణ్యత బాగాలేదని కొన్నిచోట్ల ఆడవాళ్లు చీరలు తగలబెట్టిన మాటా నిజమే.

నా తగాదా పేరు దగ్గరే. పోచంపల్లిలో నూలుకి ముడులు కట్టి, రంగులో ముంచి, లెక్క తప్పకుండా నేసే ఇకత్ డిజైన్‌ని పాలిస్టర్ మీద ప్రింటు కొట్టి అదే పేరుతో అమ్మితే, కొనేవాళ్లకీ నేసేవాళ్లకీ ఒకేసారి టోపీ పెట్టినట్టు. పాలిస్టర్ అని చెప్పి అమ్మితే పేచీ లేదు, నేనూ కొంటాను.

మర్నాడు చీర పట్టుకెళ్లి అడిగాను. కొట్టతను తడుముకోలేదు.

"కాటన్ అనలేదు మేడమ్, కాటన్ ఫీల్ అన్నాం."